ఉప్పు, పరమాణువు, ఆప్తవాక్యం

వంటింటి ఉప్పు సోడియం, క్లోరిన్ కలిస్తే ఏర్పడిందని ట్యూషన్ మాస్టారు చెబుతారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు నోటుబుక్కులో రాసుకుంటాడు. నీళ్లు తగిలితే భగ్గుమనే లోహమూ, పీలిస్తే ప్రాణం తీసే వాయువూ కలిసి పప్పులో వేసుకునే ఉప్పవుతాయన్నది చిన్న మాటేమీ కాదు. ఆ పిల్లవాడు సోడియాన్ని చూడలేదు, క్లోరిన్‌నూ చూడలేదు. పరమాణువునైతే మాస్టారు కూడా చూడలేదు. అలాంటప్పుడు పిల్లవాడికి కలిగినది జ్ఞానమా, నమ్మకమా? నమ్మకమే అయితే గుళ్లో విన్న మాటను నమ్మడానికీ దీన్ని నమ్మడానికీ తేడా ఏమిటి? మన దర్శనాలు ప్రమాణ విచారం, అంటే జ్ఞానానికి ఆధారాలేమిటన్న చర్చ పేరుతో శతాబ్దాల తరబడి వాదించుకున్నది ఈ ప్రశ్న మీదే.

సూరత్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో దశాబ్దాలుగా స్థిరపడ్డాయి. అక్కడి మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులోనూ చదువు చెబుతాయి. పై తరగతులకు వెళ్లే పిల్లలు మాధ్యమం మారాల్సి వస్తే మొదట తడబడేది సైన్సులోనే. సాయంత్రం ఇంటిదగ్గర ఒక్కడికే చెప్పే ట్యూషన్ అవసరమయ్యేది అప్పుడే. తరగతి గదిలో అరవై మంది మధ్య ‘మీరు చూశారా సార్?’ అని అడగడానికి ఏ పిల్లవాడికీ ధైర్యం చాలదు. ఎదురుగా మాస్టారొక్కరే ఉన్నప్పుడు అడుగుతాడు.

ఒక గురువు ఒకే శిష్యుడికి పదార్థం గురించి చెప్పిన పాఠాల్లో మనకు బాగా తెలిసినది ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉంది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట అన్నీ వచ్చేశాయన్న గర్వంతో తిరిగి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఆయన పద్ధతి ఉపన్యాసం కాదు, పని చేయించడం. పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్లు మాత్రమే తాగమంటాడు. తరువాత వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్క మంత్రమూ గుర్తుకు రాదు. తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. మనసు అన్నమయం అని తండ్రి అంతకుముందే చెప్పిన మాట కొడుక్కి అర్థమయ్యేది ఆ తరువాతే. మరో రాత్రి ఉప్పును నీళ్లలో వేయించి, పొద్దున్నే దాన్ని తీసి ఇమ్మంటాడు. వెతికితే దొరకదు. పైనుంచి ఒక గుక్క, మధ్యనుంచి ఒక గుక్క, అడుగునుంచి ఒక గుక్క తాగించి చూస్తే అంతటా ఉప్పే. కనిపించనిది లేనిదై పోదన్న సంగతి ఆ కుర్రాడు నోటితోనే తెలుసుకున్నాడు.

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం చాలా ఏళ్లపాటు మొదలైంది కూడా ఇంచుమించు ఇలాగే. బీకరులో సగం నీళ్లు పోసి, మట్టానికి గీత పెట్టి, ఉప్పో పంచదారో కరిగించి, మట్టం పెరిగిందేమో చూడమంటుంది. ఆ వెంటనే పొటాషియం పర్మాంగనేట్ పలుకులు రెండు మూడు వేసి, పది మిల్లీలీటర్లు తీసి తొంభై మిల్లీలీటర్ల మంచినీళ్లలో కలిపి, మళ్లీ మళ్లీ పలచన చేయమంటుంది. కొన్నిసార్లు పలచన చేశాక కూడా రంగు ఇంకా కనిపిస్తుంది. ఒక్క పలుకులో ఎన్ని కణాలుండాలో ఊహించమన్నది అసలు ప్రశ్న. అయితే ఉద్దాలకుడి పద్ధతిలో ఒకటి నేటి ప్రయోగశాలలో నిషిద్ధం: ఏ పదార్థాన్నీ నోట పెట్టకూడదు. నాలుక చెప్పే సాక్ష్యం తప్పుకున్నప్పుడు మరో సాక్ష్యం కావాలి. ట్యూషన్ గదిలో అది కష్టమేమీ కాదు. స్టీలు పళ్లెంలో ఆ నీళ్లు మరిగిస్తే అడుగున తెల్లటి పొర మిగులుతుంది. కరిగించక ముందూ, కరిగించిన తరువాతా తూస్తే మొత్తం బరువు మారదు. వంద గ్రాముల నీళ్లలో సుమారు ముప్పై ఆరు గ్రాములు కరిగాక ఇక కరగనంటుంది ఉప్పు. 1930లో గాంధీజీ ఉప్పు తీసిన దండి ఆనాటి సూరత్ జిల్లాలోనిదే. సముద్రం ఒడ్డున ఎండే ఉప్పు మడి, పళ్లెంలో చేసిన ఈ ప్రయోగం ఒకే సూత్రం మీద నడుస్తాయి.

ఇంతవరకూ ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలిసినది), దాని మీద ఆధారపడిన అనుమానం (తర్కించి తేల్చుకున్నది). దీన్ని దాటి సోడియం, క్లోరిన్ అన్నప్పుడే మూడోది వస్తుంది. దాన్నే న్యాయ దర్శనం శబ్దం అంటుంది. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. ఆ లెక్కన రసాయనశాస్త్రం మొదటి పాఠంతోనే ఆగిపోతుంది. వైశేషికులూ, దిఙ్నాగుడి దారిలోని బౌద్ధులూ ప్రత్యక్షానుమానాలు రెండే అని, విన్న మాటను అనుమానంలో కలిపేశారు. నైయాయికులు మాత్రం ఆప్తుడి మాటకు విడిగా ప్రమాణ స్థానం ఇచ్చారు. ఎవరు ఆప్తుడు? విషయాన్ని స్వయంగా తెలుసుకొని, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని వాత్స్యాయనుడి భాష్యం స్పష్టంగా చెబుతుంది. ఆ వాక్యాన్ని మనవాళ్లు తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. దాని ప్రకారం ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాజియే ఆప్తుడు కావడానికి అడ్డేమీ లేదు.

చిక్కు మాస్టారి దగ్గర ఉంది. ఆయన సోడియాన్ని వేరు చేసినవాడు కాదు. ఎవరో చూసి చెప్పిన దాన్ని ఇంకెవరో రాస్తే చదివినవాడు. కాబట్టి ఆయన అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. పళ్లెంలో మిగిలిన ఉప్పు విషయంలో ఆయన ఆప్తుడు. ఎలక్ట్రాన్ విషయంలో వార్త మోసుకొచ్చిన మనిషి. ఈ తేడాను దాచి రెండూ ఒకే గొంతుతో చెప్పడమే ట్యూషన్లలో జరిగే పెద్ద తప్పు.

పిల్లల కోసం ఈ చర్చంతా కుదించి పెట్టిన పుస్తకం అన్నంభట్టు తర్కసంగ్రహం. ఆయన తెలుగువాడు. కారణాలు మూడు రకాలని చెప్పడానికి ఆ పుస్తకం తీసుకున్న ఉదాహరణ బట్ట. దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, నాడె, మగ్గం లాంటివి నిమిత్త కారణం. లింబాయత్ పిల్లవాడికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. దారాలు అవే అయినా అల్లిక మారితే బట్ట మారుతుందన్నది వాడు ఇంట్లో రోజూ వినే మాటే. వజ్రానికీ పెన్సిల్ ములుకులోని గ్రాఫైటుకూ ఉన్న తేడా కూడా అల్లికలోనే ఉంది. రెండూ కార్బనే.

పరమాణువు ఉందనడానికి అన్నంభట్టు తన దీపికా వ్యాఖ్యలో ఇచ్చిన వాదం కిటికీలోంచి పడే ఎండలో తేలే ధూళి రేణువుతో మొదలవుతుంది. అది కంటికి కనిపిస్తోంది కాబట్టి దానికి భాగాలుండాలి. ఆ భాగాలకూ భాగాలుండాలి. ఎక్కడో ఒకచోట ఆగకపోతే ఆవగింజకూ మేరు పర్వతానికీ కొలతలో తేడా ఉండదు. మరమగ్గాల షెడ్డులో వెంటిలేటర్ గుండా పడే ఎండను చూసినవాళ్లకు ఆ రేణువులను పరిచయం చేయనక్కర్లేదు. వాదం దిట్టమైనది, లెక్క మాత్రం తప్పు. సంప్రదాయం ఆ రేణువులో ఆరే పరమాణువులున్నాయంది. నిజానికి కోట్ల కోట్లు ఉంటాయి. ఎక్కడ ఆగాలో తర్కం ఒక్కటే చెప్పలేదు, కొలవాలి. నీళ్లలో తేలే సూక్ష్మ రేణువుల కదలికను 1908లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెరాఁ కొలిచాకే ఆస్ట్‌వాల్డ్ లాంటి పేరున్న రసాయన శాస్త్రవేత్త కూడా పరమాణువును ఒప్పుకున్నాడు. అంతవరకూ ఆయన ఒప్పుకోకపోవడం మూర్ఖత్వమేమీ కాదు.

వజ్రాలకు సానపట్టే సూరత్‌లో ఈ లెక్క చూపించడానికి వజ్రం చక్కని సాధనం. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు. కార్బన్ పన్నెండు గ్రాములకు ఒక మోల్ కనుక, క్యారట్ వజ్రం మోల్‌లో అరవయ్యో వంతు. అంటే అందులో ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలు పెట్టినన్ని పరమాణువులు. వజ్రం కార్బనేనని 1797లో స్మిత్‌సన్ టెనెంట్ దాన్ని కాల్చి చూపాడు. సానపట్టే ఊరి పిల్లవాడికి ఆ ప్రయోగం ఎవరూ చేసి చూపించరు, చూపించలేరు. ఇక్కడ ఆప్తవాక్యమే గతి. అయితే అది ఎవరైనా మళ్లీ కాల్చి చూడగల వాక్యం. విన్న మాటను విజ్ఞానంలోకి చేర్చేది ఆ తలుపు తెరిచి ఉండడమే.

శ్రద్ధ అన్న మాటను ఇక్కడే చూడాలి. ఉద్దాలకుడు మర్రిపండు తెప్పించి, పగలగొట్టించి, లోపలి గింజనూ చీల్చమంటాడు. ఏం కనిపిస్తోందంటే ఏమీ లేదంటాడు కొడుకు. ఆ కనిపించని సూక్ష్మంలోంచే ఇంత చెట్టూ వచ్చిందని చెప్పి, శ్రద్ధ ఉంచమంటాడు తండ్రి. గింజ చీల్చకముందు ఆ మాట అనలేదు. అన్న తరువాత శిష్యుడు నోరు మూసుకోలేదు, ఇంకా చెప్పమన్నాడు. శ్రద్ధ అంటే ప్రశ్న మానేయడమని అర్థం చెప్పేవాళ్లు ఈ వరుసను గమనించరు.

మరో సందేహం నీతికి సంబంధించినది. తొమ్మిదో తరగతిలో సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగినట్టు ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరుగుతుందని బొమ్మ గీయిస్తారు. పదకొండులో అది నిజం కాదంటారు. తెలిసి తెలిసి తప్పు చెప్పడం మోసం కాదా? పెళ్లిలో అరుంధతిని చూపేటప్పుడు ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపిస్తారు. చూపు అక్కడ కుదిరాక చిన్నదాని మీదికి తిప్పుతారు. వేదాంతులు దీన్నే స్థూలారుంధతీ న్యాయం అన్నారు. పెద్ద నక్షత్రం దగ్గరే ఆపేసి ఇదే అరుంధతి అంటే మాత్రం అబద్ధమే. ‘ఇది ఇప్పటికి సరిపోయే బొమ్మ, ముందు ముందు మారుతుంది’ అన్న ఒక్క ముక్క కలిపితే మాస్టారి మీద దోషం లేదు. పరీక్షలో మార్కులు పోవు కదా అని ఆ ముక్క ఎగరగొట్టేవాళ్లే ఎక్కువ.

జీతం తీసుకొని చదువు చెప్పేవాణ్ని శ్రాద్ధానికి పిలవకూడదని మనుస్మృతి అంటుంది. ఆ నిషేధం నేటి ట్యూషన్ మాస్టారికి వర్తింపజేయడం అన్యాయం. ఫీజు ఆప్తత్వాన్ని చెరపదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం చెరుపుతుంది.

చివరగా, పరమాణువు పాఠం రాగానే వైశేషిక దర్శనకర్త కణాదుడు డాల్టన్ కన్నా ముందే అంతా చెప్పాడనే అలవాటు గురించి. కణాదుడి పరమాణువులు భూమి, నీరు, నిప్పు, గాలి అని నాలుగు జాతులు. బంగారాన్ని ఆ సంప్రదాయం తేజస్సులో చేర్చింది. 1808లో డాల్టన్ వేసినట్టు బరువుల పట్టిక అందులో లేదు. ధూళి రేణువు వాదం వైశేషికులది, తూకం డాల్టన్‌ది. పిల్లవాడికి రెండూ వాటి వాటి పేర్లతోనే చెప్పాలి.