ఎన్నిసార్లు అడుగుతారు మమ్మల్ని?

మేం రాజాం ముస్లిములం. 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా వాళ్లం కాస్తా విజయనగరం జిల్లా వాళ్లమయ్యాం. ఇల్లు కదల్లేదు, మసీదు కదల్లేదు, కొట్టు కదల్లేదు. జిల్లాయే కదిలింది. ఆ జనవరిలో ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే నెల రోజుల్లో రాసుకోమన్నారు. రాసినవాళ్లు రాశారు. ఓటు మాత్రం ఎవరినీ అడగలేదు. అంతకు ముందు 2005లో మా ఊరు నగర పంచాయతీ అయింది. చుట్టుపక్కల ఊళ్లను కలిపిన పేచీ కోర్టుకెక్కింది. 2014లో ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, పాలకొండ పురపాలక ఎన్నికల్లో ఓట్లేసుకున్నాయి, రాజాం వెయ్యలేదు. 2021 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడూ అంతే. మా వీధి దీపం, మా మురుగు కాలవ, మా ఇంటి పన్ను ఎవరో అధికారి సంతకం మీద నడిచాయి.

అలాంటి ఊళ్లో కూర్చుని, "ఒకసారి ప్రజలు తీర్పు చెప్పాక మళ్లీ అడగొచ్చా, అడగకూడదా?" అనే చర్చ వింటే ముందు నవ్వొస్తుంది. మళ్లీ సంగతి తర్వాత, మొదటిసారి ఏదయ్యా? అయినా ఈ చర్చ పెద్దవాళ్లదని పక్కకు తప్పుకోలేం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం వందకు ఒక్కరం కూడా లేం. తలలు లెక్కపెట్టే ప్రతిచోటా ఓడిపోయేవాళ్లం. ఓడినవాడికి మళ్లీ అడిగే హక్కుందా లేదా అన్నది గెలిచేవాళ్లకు రాజనీతి ప్రశ్న కావచ్చు. మాకు బతుకు ప్రశ్న.

తెలుగు నేలకు ఇది కొత్త ప్రశ్న కాదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షుడు జస్టిస్ ఫజల్ అలీ. విశాలాంధ్రలో లాభాలున్నాయని ఒప్పుకుంటూనే ఆ సంఘం ఒక మాట చెప్పింది. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో వచ్చే సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు కలపండి అంది. ఉడుకు మీద అడగొద్దు, ఆగి అడగండి, అడిగితే బొటాబొటీ మెజారిటీతో సరిపెట్టుకోవద్దు అని దాని అర్థం. ఎవరూ ఆగలేదు. 1956 నవంబర్ 1న కలిపేశారు. 1969లో తెలంగాణ భగ్గుమంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి అక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ ఏడే ఆ పార్టీ వెళ్లి కాంగ్రెసులో కలిసిపోయింది. జనం ఇచ్చిన జవాబు జవాబుగా ఎక్కడా నమోదు కాలేదు.

మన రాజ్యాంగంలో ప్రజలందరినీ ఒక ప్రశ్న మీద ఓటడిగే ఏర్పాటు లేదు. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చేది పార్లమెంటు. శాసనసభ అభిప్రాయం అడగాలి గాని వినాలని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది. ముందు గుమ్మం లేని ఇంట్లోకి జనం దొడ్డిదారినే వస్తారు. తెలంగాణలో ఆ దొడ్డిదారి పేరు రాజీనామా. పదవి వదిలి మళ్లీ పోటీ చెయ్యడం, దాన్నే ప్రజాతీర్పు అనడం. 2006లో కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో కె. చంద్రశేఖరరావు పెద్ద మెజారిటీతో గెలిచారు. 2008లో తెలంగాణ రాష్ట్ర సమితి 16 శాసనసభ స్థానాలు, 4 లోక్‌సభ స్థానాలు వదులుకుని మళ్లీ దిగితే దక్కినవి 7, 2. తెలంగాణ వాదం చచ్చిపోయిందని అప్పుడు రాసినవాళ్లున్నారు. 2010 జూలైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలొస్తే పన్నెండుకు పన్నెండూ తెలంగాణ కోరినవాళ్లే గెలిచారు. రెండేళ్ల తేడాలో రెండు జవాబులు! ఏది అసలు జవాబు? ఒక్కసారే అడగాలి, ఆ జవాబే ఆఖరు అనే పెద్దమనుషులు 2008 దగ్గర ఆగుతారా, 2010 దగ్గర ఆగుతారా? వాళ్లు ఎప్పుడూ తమకు నచ్చిన ఏడాది దగ్గరే ఆగుతారని మా అనుభవం.

అయితే ఆ 2010 గెలుపులోనే మాకు ముల్లులా దిగిన సంగతి ఒకటుంది. ఆ పన్నెండులో నిజామాబాద్ అర్బన్ ఒకటి. ముస్లిములు పెద్ద సంఖ్యలో ఉన్న చోటు. అక్కడ తెలంగాణ తరఫున నిలబడింది భారతీయ జనతా పార్టీ అభ్యర్థి. తెలంగాణ రాష్ట్ర సమితి పోటీ పెట్టలేదు. అవతల కాంగ్రెస్ నుంచి డి. శ్రీనివాస్. తెలంగాణ కావాలనుకున్న నిజామాబాద్ సాయిబు ఆ రోజు ఏం చెయ్యాలి? కమలానికి వేస్తే బాబ్రీ మసీదు కూల్చిన రాజకీయానికి వేసినట్టు. చేతికి వేస్తే తెలంగాణ ద్రోహుల ఖాతాలో పడ్డట్టు. కాగితం మీద ఉన్నది ఒక్క ప్రశ్న, దాని కడుపులో ఇంకో ప్రశ్న. అతను దేనికి వేసినా అతని మనసులో మాట ఆ ఓటులోకి ఎక్కదు. ఉప ఎన్నికను ప్రజాతీర్పుగా లెక్కేసేవాళ్లు ఈ మనిషిని ఏ గడిలో రాసుకున్నారు?

రాజధాని గొడవా ఇలాంటిదే. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చినప్పుడు, శాసనసభను రద్దు చేసి మళ్లీ ప్రజల దగ్గరికి రమ్మని చంద్రబాబు నాయుడు సవాలు విసిరారు. ఎవరూ రాలేదు. చివరికి 2024 సాధారణ ఎన్నికలొచ్చాయి. పాలనా రాజధాని వస్తుందని చెప్పిన మా ఉత్తరాంధ్రలో 34 స్థానాల్లో 32 అమరావతి వైపు కూటమికే పోయాయి. దాని మీద ఉత్తరాంధ్ర రాజధాని వద్దందని తేల్చేశారు. పెన్షనుకేశారో, రోడ్డు గతుకులకేశారో, చెత్తపన్ను మీద కోపంతో వేశారో ఎవరికెరుక? అయిదేళ్ల కోపాలన్నీ ఒక్క సంచిలో పోసి, ఆ సంచి మీద తమకు కావలసిన చీటీ అంటించడం అన్ని పార్టీలకూ అలవాటే.

బయటి దేశాల్లో ప్రశ్న విడిగా అడుగుతారు, అందుకని తేటగా ఉంటుందంటారు. కొంత నిజం. కాని ఎవరు మళ్లీ అడిగిస్తున్నారన్నది అక్కడా చూడాలి. ఐర్లండ్‌లో 2008 జూన్‌లో లిస్బన్ ఒప్పందం వద్దన్నారు. కొన్ని హామీలు చేర్చి 2009 అక్టోబర్‌లో మళ్లీ అడిగితే 67 శాతం సరేనన్నారు. సరేనన్నాక ఇంకోసారి అడగలేదు! పంతులు పిల్లాణ్ణి "మళ్లీ చెప్పు" అన్నాడంటే మొదటి జవాబు తప్పన్నమాట. అయినా మళ్లీ అడగడమే మోసమని మేం అనం. స్విట్జర్లండ్‌లో 1959లో ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలా అని మగవాళ్లను అడిగారు. మూడింట రెండొంతులు వద్దన్నారు. 1971లో మళ్లీ ఆ మగవాళ్లనే అడిగారు. మూడింట రెండొంతులు సరేనన్నారు. 1959 తీర్పే శిలాశాసనమైతే ఆ తల్లుల గతేమిటి? ఇక్కడ మళ్లీ అడగమన్నది గద్దె కాదు, ఓడిపోయిన ఆడవాళ్లు. మాకు కనిపించే తేడా అది. అధికారంలో ఉన్నవాడు తనకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడిగితే అది వేధింపు. నిర్ణయం బరువు మోసేవాడు అడిగితే అది హక్కు.

అదే స్విట్జర్లండ్‌లో 2009 నవంబర్ 29న ఇంకో ఓటు జరిగింది. మసీదులకు మినార్లు కట్టకుండా నిషేధించాలా అని. అప్పటికి ఆ దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు. 57.5 శాతం నిషేధించమన్నారు. అక్కడి ముస్లిముల్లో చాలామంది వలస వచ్చినవాళ్లు, పౌరసత్వం లేదు, ఓటూ లేదు. ఎవరి మసీదు గురించి అడిగారో వాళ్లే జాబితాలో లేరు. 2016లో బ్రిటన్ ఐరోపా నుంచి విడిపోవాలా అని అడిగినప్పుడు కూడా, అక్కడే పనిచేసుకుంటూ పన్నులు కడుతున్న పోలండ్, రొమేనియా మనుషులకు ఓటు లేదు. 51.9 శాతంతో వాళ్ల బతుకులు తిరగబడ్డాయి. మళ్లీ అడగాలని లండన్‌లో లక్షలమంది ఊరేగారు. అడగలేదు, 2020 జనవరి 31న బయటికొచ్చేశారు. మళ్లీ అడిగినా ఆ జాబితానే పెడితే ఆ రొమేనియా కూలికి ఒరిగేదేముంది?

మా పెద్దలు ఈ చర్చలోకి ఉహుద్ కథ తెస్తారు. మక్కా సేన మదీనా మీదికొస్తోంది. ఊళ్లోనే ఉండి ఎదుర్కొందామని ప్రవక్త అభిప్రాయం. బయటికెళ్లి పోరాడదామని కుర్రవాళ్ల ఉరుకు. ఎక్కువమంది మాట అటే ఉంది. ఆయన దానికి తలవంచి లోపలికెళ్లి కవచం తొడుక్కొచ్చారు. అప్పుడు కుర్రవాళ్లకు భయమేసింది, బలవంతపెట్టామేమో, మీ మాట ప్రకారమే కానిద్దామన్నారు. కవచం తొడిగాక పోరు ముగియకుండా విప్పడం ప్రవక్తకు తగదని ఆయన బయల్దేరారు. ఉహుద్‌లో మనవాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. చూశారా, తీర్పు తీర్పే, మళ్లీ అడగకూడదు అని మసీదు అరుగు మీద ఈ కథ ముగిస్తారు. మేం ఇంకొంచెం ముందుకు చదవమంటాం. అంత దెబ్బ తిన్న తర్వాత దిగిన ఆయతులో వచ్చిన ఆజ్ఞ ఏమిటి? వాళ్లను క్షమించు, వ్యవహారాల్లో వాళ్లను సంప్రదిస్తూనే ఉండు అని. తప్పు సలహా ఇచ్చారని వాళ్ల నోరు కట్టెయ్యలేదు. నడుస్తున్న పని మధ్యలో తిరగదోడటం వేరు, పని ముగిశాక మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం వేరు. మొదటిది సేనను చెదరగొడుతుంది. రెండోది లేకపోతే షూరా అనే మాటకు అర్థమే లేదు.

ఇక మా సంగతి. ఈ దేశంలో ఒక్క ఓటును మాత్రం ఎవరూ మరిచిపోరు, మార్చుకోనివ్వరు. అది 1945-46 ఓటు. కేంద్ర శాసనసభలో ముస్లిములకు కేటాయించిన 30 స్థానాలూ ముస్లిం లీగ్ గెలిచింది. "మీ తాతలు పాకిస్తాన్‌కు వేశారు కదా" అని ఇప్పటికీ వింటాం, నవ్వుతూ అన్నవాళ్ల నోట కూడా. ఆ ఎన్నికల్లో ఓటు ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి. పరుపులు కుట్టే మా దూదేకుల తాతకు, బట్టలు కుట్టే మా సాయిబు తాతకు ఓటెక్కడిది? వెయ్యని ఓటుకు మూడు తరాలుగా జవాబు చెప్తున్నాం. మేం ఇక్కడే ఉండిపోవడమే ఆ ప్రశ్నకు జవాబని ఎవరూ లెక్కేసుకోరు.

మాకు మళ్లీ ఓటు లేదనడం కూడా సరికాదేమో. రోజూ ఉంది! క్రికెట్ మ్యాచి రోజు ఉంది, ఎక్కడో బాంబు పేలిన రోజు ఉంది, 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక తాత పుట్టిన కాగితం వెతుక్కున్న రాత్రుల్లో ఉంది. మా ఊరి పేరు చెప్తే తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. 1757 బొబ్బిలి యుద్ధం గుర్తొస్తుంది. ఆ బొబ్బిలికి పేరే షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని షేర్‌ని బట్టి, పెద్దపులి అని వచ్చిందంటారు. ఊరి పేరులో కలిసిపోయినవాళ్లను ఊరివాళ్లవునా కాదా అని అడగడం ఎన్నోసారి?

లౌకికవాద మిత్రులు కొందరు మాతో అంటారు, "మీరే మళ్లీ అడగొచ్చంటే రేపు మీ రిజర్వేషన్ల మీద, మీ మసీదుల మీద మళ్లీ మళ్లీ అడుగుతారు, మీకే నష్టం" అని. వాళ్ల భయం మాకు తెలుసు. వెనుకబడిన ముస్లిం కులాలకు 2007లో వచ్చిన 4 శాతం 2010లో హైకోర్టులో కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడింది. 2024 ఎన్నికల సభల్లో దాన్ని ఎత్తేస్తామన్న మాటకు చప్పట్లు పడ్డాయి. సీటు కోసం చదివే మా పిల్ల ప్రతి ఎన్నికకూ గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలా? అందుకే మేం గీత ఇంకో చోట గీస్తాం. రాజధాని ఎక్కడ, జిల్లా ఎక్కడ, రాష్ట్రం ఒకటా రెండా అన్నవి మనందరం కలిసి తీసుకునే నిర్ణయాలు. ఎన్నిసార్లయినా అడగండి, కాస్త ఆగి అడగండి, బరువు మోసేవాణ్ణి జాబితాలో పెట్టి అడగండి. మేం మనుషులమా, ఈ ఊరివాళ్లమా అన్నది నిర్ణయం కాదు. దాన్ని మొదటిసారి అడగడమే తప్పు. అక్కడ ఓటు లేదు, మళ్లీ ఓటూ లేదు. మేం గెలుస్తామని తెలిసినా లేదు.

రేపు నిజంగా రాజాంలో ఒక పెట్టె పెట్టి విశాఖా అమరావతా అని అడిగారనుకోండి. ముస్లిములు గంపగుత్తగా ఎటేస్తారని పార్టీలవాళ్లు లెక్కలేసుకుంటారు. మేం చీలిపోతాం. విశాఖలో పనిచేసే కొడుకున్న తండ్రి విశాఖ అంటాడు. రాజధానొస్తే అద్దెలు పెరుగుతాయని ఆ కొడుకే వద్దంటాడు. జనపనార మిల్లులో కూలీ, ముందు మిల్లు నడిచే సంగతి అడగమంటాడు. అసర్ నమాజు అయ్యాక మసీదు అరుగు మీద గొంతులు పెరుగుతాయి, ఇమాం సాబ్ బయటికొచ్చి అందర్నీ కసురుతాడు. ఓడినవాళ్లు ఓడినట్టు ఒప్పుకుని ఇంటికెళ్తారు. అయిదేళ్లాగి మళ్లీ అడుగుతారు.