ద్వైతవనంలో రెండు విడిదులు

శనివారం మధ్యాహ్నం దాటిందంటే హార్సిలీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద బెంగళూరు బండ్ల వరస మొదలవుతుంది. తిరుపతి నుంచి కుటుంబాలు వస్తాయి. గుర్రంకొండ, వాల్మీకిపురం వైపు కుర్రాళ్లు మోటారు సైకిలుకు ముగ్గురు చొప్పున ఎక్కుతారు. పైన నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు, నీలగిరి చెట్ల వాసన, గాలిబండ మీద మనిషిని వెనక్కి నెట్టే గాలి, చెట్ల మధ్య గంగోత్రి చెరువు. ఎందుకొచ్చారని ఎవరిని కదిపినా ఒకటే జవాబు: ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందని. ఆ మాట అన్న అరగంటకు కారు డిక్కీ తెరుచుకుంటుంది, స్పీకరు బయటికొస్తుంది.

నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఆ జవాబు అడుగున చాలా పాత చిక్కుముడి ఒకటి ఉంది. ప్రశాంతత ఆ కొండలోనే ఉంటే అది అందరికీ, ఎప్పుడూ దొరకాలి. మనిషి లోపలే ఉంటే ఇంత పెట్రోలు తగలేసి కొండెక్కడం ఎందుకు? మిద్దె మీద చాప పరుచుకున్నా సరిపోవాలి. పవిత్రత చోటుకు ఉంటుందా, చూసే మనసుకు ఉంటుందా అని మన శాస్త్రాలూ, సాధువులూ, సామాన్యులూ వాదించుకుంటూనే ఉన్నారు. మదనపల్లె చుట్టుపక్కల యాభై అరవై మైళ్ల నేలలో ఆ వాదానికి రెండు వైపులా గట్టి సాక్షులు దొరుకుతారు.

ముందుగా చోటు తరఫు సాక్షులు. హార్సిలీ హిల్స్ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పుణ్యస్త్రీ కొండ మీద ఒంటరిగా ఉండేదనీ, ఏనుగులే ఆమెకు తిండి తెచ్చిపెట్టేవనీ, అడవి బిడ్డల రోగాలు ఆమె నయం చేసేదనీ, ఒకనాడు ఎవరికీ చెప్పకుండా మాయమైందనీ కథ. ఆమెకు గుడి కట్టారు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి. హార్సిలీ 19వ శతాబ్దంలో ఇక్కడి చల్లదనానికి ముచ్చటపడి వేసవి బంగళా కట్టుకున్నాక కొండకు దొరగారి పేరు స్థిరపడింది. మల్లమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ మొక్కులు ఆమెకే.

గుర్రంకొండ కోటదీ అలాంటి కథే. ఆ కొండను ఒక గుర్రం కాపాడుతుండేదట. అది అక్కడ ఉన్నంతకాలం కోట ఎవరికీ లొంగదని నమ్మకం. విజయనగరం, గోల్కొండ, మరాఠాలు, హైదరు, టిప్పు, నిజాం, చివరికి 1800లో దత్తమండలాలతో పాటు కుంపిణీ అంటూ ఇన్ని చేతులు మారిన కోటకు ఆ కథ ఎలా అతికిందో గానీ, రంగీన్ మహల్ చూడటానికి వచ్చినవాళ్లకు ఊళ్లో ముందు చెప్పేది గుర్రం సంగతే.

పుంగనూరు దగ్గర చౌడేపల్లె మండలంలో బోయకొండ గంగమ్మ దగ్గర నమ్మకం మరింత పచ్చిగా కనిపిస్తుంది. కోనేటి తీర్థాన్ని రైతులు సీసాల్లో పట్టుకెళ్లి, పురుగు పట్టకుండా పైరు మీద చల్లుకుంటారు. మొక్కుకున్న కుటుంబాలు కోడినో పొట్టేలునో తెచ్చి, కొండ కిందే పొయ్యి పెట్టి, వండి, తిని, అక్కడే నడుం వాలుస్తాయి. గుళ్ల దగ్గర రాత్రి నిద్ర చేయడం రాయలసీమలో ఎవరూ వింతగా చూడని ఆచారం. అక్కడ పడుకున్న రాత్రి ఇంట్లో పడుకున్న రాత్రి కాదని వాళ్ల నమ్మకం. ఈ కాలపు క్యాంపింగు సరదాకు మన దగ్గర పూర్వీకులను వెతకాలంటే కార్తీక వనభోజనాల కంటే ఈ నిద్రలే దగ్గర. వనభోజనాలకు వెళ్లినవాళ్లు ఉసిరి చెట్టు కింద విస్తరి ఎత్తి, పొద్దుగూకే సరికి ఇంటికి చేరేవాళ్లు.

ఇక మనసు తరఫు సాక్షుల్లో మొదటివాడు వేమన. తీర్థయాత్రలనూ, రాళ్లకు మొక్కడాన్నీ అంతగా వెక్కిరించినవాడు తెలుగులో మరొకడు లేడు. కదిరి దగ్గర కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. యాత్రలు వద్దన్న మనిషి సమాధికి జనం యాత్ర చేస్తున్నారు. ఆయన చూసి ఉంటే మరో పద్యం పుట్టేది.

రెండో సాక్షి మదనపల్లెలోనే పుట్టాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే 11న ఆ ఊళ్లో పుట్టి, 1909లో అడయారు తీరంలో దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంటబడి, ఆ సమాజం చేతుల మీదుగా రాబోయే జగద్గురువుగా పెరిగాడు. ఆయన కోసం 1911లో పెట్టిన నక్షత్ర సంఘం 1924 నుంచి హాలండ్‌లోని ఓమెన్ దగ్గర ఏటా వేసవిలో శిబిరాలు నడిపింది. అసలు సిసలు క్యాంపింగు అది. ఒక జమీందారు ఇచ్చిన అడవి భూమి, పైన్ చెట్ల మధ్య వరసలుగా టెంట్లు, లోకం నలుమూలల నుంచి వేలమంది. సాయంత్రం కాగానే ఎత్తుగా పేర్చిన దుంగలకు కృష్ణమూర్తి స్వయంగా నిప్పంటించి, అగ్నిదేవుడి స్తోత్రం పఠించేవాడు. మదనపల్లె బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన పిల్లవాడు, యూరప్ అడవిలో, నెగడు ముందు.

1929 ఆగస్టు 3న అదే శిబిరంలో, దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ ఎదుట, మూడు వేలమందికి పైగా శిష్యులు వింటుండగా ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి ఏ దారీ లేదని, ఏ గురువూ ఏ మతమూ మనిషిని అక్కడికి చేర్చలేవని తేల్చి చెప్పాడు. సంఘానికి వచ్చిన కోటనూ, చాలావరకు భూములనూ ఇచ్చినవాళ్లకే తిరిగి ఇప్పించాడు. ఏ గడ్డ మీద జనం ఆయన్ను అవతారంగా కొలిచారో, ఆ గడ్డ మీదే నిలబడి వద్దన్నాడు.

ఆ గడ్డకు తర్వాత పట్టిన గతి ఈ వాదంలో ఎవరూ దాటిపోలేని సాక్ష్యం. 1930ల్లోనూ అక్కడ ఆయన ప్రసంగాలు సాగాయి. యుద్ధం వచ్చింది. హాలండ్‌ను ఆక్రమించిన జర్మన్లు ఆ శిబిరాన్ని లాక్కుని 1942లో జైలు శిబిరంగా మార్చారు. పేరు ఎరికా. ఖైదీల్లో చాలామంది డచ్చివాళ్లే. ఆకలి, దెబ్బలు, చావులు. ధ్యానం గురించి వేలమంది విన్న ఆ పైన్ చెట్ల కిందే ఇదంతా జరిగింది. ఆ చెట్లు కావలివాళ్లను మంచివాళ్లుగా మార్చలేదు. ఇప్పుడు ఆ చోట సెలవుల్లో కుటుంబాలు వచ్చి టెంట్లు వేసుకునే పార్కు ఉంది. చోటుకే మహిమ ఉంటుందనేవాళ్లు ఓమెన్‌కు సమాధానం చెప్పాలి.

అంతమాత్రాన మనసు పక్షం గెలిచినట్టూ కాదు. చోటు ముఖ్యం కాదన్న కృష్ణమూర్తి చోట్లను ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నాడో చూడండి. 1920ల్లో బడి కోసం నేల వెతుకుతూ వచ్చి, తెట్టు దగ్గర ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయ చూసి, ఇదే అన్నాడు. అదే రిషివ్యాలీ. పూర్వం ఒక ఋషి తపస్సు చేశాడని చెప్పుకునే ఋషికొండ దాని నెత్తినే ఉంది, హార్సిలీ హిల్స్ కూతవేటు దూరం. అమెరికాలో ఓహై లోయ, స్విట్జర్లాండ్‌లో సానెన్ కొండలు, అన్నీ ఇలాంటివే. సానెన్‌లో 1961 నుంచి 1985 దాకా ప్రతి వేసవీ ఆయన మాట్లాడింది ఎక్కువగా పెద్ద టెంటులో. వినడానికి వచ్చినవాళ్లలో కొందరి బస కూడా టెంట్లలోనే. 1983లో టేపు రికార్డరు ముందు ఒంటరిగా కూర్చుని చెప్పుకున్న మాటల్లో చాలా భాగాలు ఒక చెట్టుతోనో పిట్టతోనో మొదలవుతాయి. చోటుతో పనిలేని మనిషి ఇన్ని చెట్లను తలుచుకోడు.

ఈ ముడి విప్పడానికి వేదాంత గ్రంథాల కంటే భారతంలోని అరణ్యపర్వం ఎక్కువ సాయం చేస్తుంది. మన పెద్దలు అందులోని ఘోషయాత్రను దుర్యోధనుడి పరాభవ కథగానే చెబుతూ వచ్చారు. నిజానికి అది అడవిలో చెరువు గట్టున టెంటు ఎవరు వేసుకోవాలన్న తగాదా. పాండవులు ద్వైతవనంలో సరస్సు దగ్గర ఉంటున్నారు. నారబట్టల్లో ఉన్న వాళ్ల ముందు తన వైభవం ఒలకబోయాలని దుర్యోధనుడికి బుద్ధి పుట్టింది. ఆవుల మందలు లెక్కపెట్టే పని ఉందని తండ్రికి అబద్ధం చెప్పి, సైన్యం, అంతఃపురం, వేటగాళ్లు, వర్తకులతో సహా బయలుదేరాడు. సరస్సు గట్టున విహారగృహాలు కట్టమని పనివాళ్లను పంపాడు. అప్పటికే అక్కడ గంధర్వరాజు చిత్రసేనుడు అప్సరసలతో దిగి ఉన్నాడు. గంధర్వులు ఆపారు. లేచిపొమ్మని దుర్యోధనుడు కబురు పెట్టాడు. స్వర్గవాసులను పనివాళ్లలా ఆజ్ఞాపించే మీ రాజుకు మతి లేదని వాళ్లు తిప్పికొట్టారు. యుద్ధంలో కర్ణుడు పారిపోయాడు, దుర్యోధనుడు కట్టుబడ్డాడు. ధర్మరాజు తమ్ముళ్లను పంపి విడిపించాడు.

డబ్బుందని గట్టంతా తనదే అనుకున్నవాడికి శాస్తి జరిగిందని అక్కడికి కథ ముగించేయవచ్చు. వ్యాసుడు ముగించలేదు. ఆ వెంటనే మరో చిన్న ఘట్టం ఉంది. ఘోషయాత్ర నీడలో పడి అది అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక రాత్రి ధర్మరాజు కలలోకి జింకలు వచ్చాయి. వణుకుతూ, గొంతు పూడుకుపోయి, దండం పెట్టి నిలబడ్డాయి. మీ తమ్ముళ్ల వేటకు మా మందలు తరిగిపోయాయి, విత్తనానికి అన్నట్టు కొద్దిమంది మిగిలాం, దయచేసి మీ విడిది మరోచోటికి మార్చండి అని వేడుకున్నాయి. తెల్లవారగానే ధర్మరాజు తమ్ముళ్లతో ఆ సంగతి చెప్పి, పరివారంతో సహా ద్వైతవనం వదిలి, తృణబిందు సరస్సు దగ్గరి కామ్యకవనానికి తరలిపోయాడు.

ఒకే అడవిలో, ఒకే సరస్సు దగ్గర రెండు విడిదులు. ఒకటి అహంకారిది, రెండోది ధర్మమూర్తిది. ఆ రెండింటిలో జింకలకు ఎక్కువ చేటు చేసింది ఏది? దుర్యోధనుడు కొన్నాళ్లు ఉండి, తన్నులు తిని పోయాడు. నిత్యం వేదఘోష, హోమధూమం, అతిథిపూజలతో నడిచిన ధర్మరాజు విడిదే జింకల మందలను అంతరించే దాకా తెచ్చింది. అక్కడ చోటు పవిత్రమైనదే, మనసూ నిర్మలమైనదే. జింకలకు ఆ రెండూ అక్కరకు రాలేదు. ఆయన లేచి వెళ్లిపోవడం ఒక్కటే అక్కరకు వచ్చింది.

మనం ఇంతదాకా వేసుకున్న ప్రశ్నలో లోపం ఇక్కడ బయటపడుతుంది. పవిత్రత కొండదా మనసుదా అని అడిగేవాడు రెండు వైపులా తన లాభమే చూసుకుంటున్నాడు. కొండ నాకేమిస్తుంది, నా మనసు నాకేమిస్తుంది? ఆ గట్టున అప్పటికే ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. ధర్మరాజు గొప్పతనం కల రావడంలో లేదు. కలను మర్నాడు పొద్దున మూట సర్దుకోవలసిన కబురుగా తీసుకోవడంలో ఉంది. రిషివ్యాలీ వాళ్లు బోడిగుట్టల మీద చెట్లు పెంచి, వాననీరు ఇంకేలా చేసి, 1991లో ఆ లోయను పక్షుల ఆశ్రయంగా ప్రకటించుకోవడం కూడా ఇలాంటి ధర్మమే. కృష్ణమూర్తి బోధ మీద ఎవరికి ఎన్ని అభ్యంతరాలున్నా, ఆ పని మీద ఉండటానికి వీల్లేదు.

కుప్పం, పలమనేరు వైపు వెళితే ఈ చర్చ పుస్తకాల్లోంచి చేలలోకి దిగుతుంది. మల్లమ్మకు తిండి తెచ్చాయని చెప్పుకున్న ఏనుగులు ఈ ప్రాంతంలో చాలాకాలం కంటికి కనబడలేదు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలుగా వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటినుంచి చెరకు, అరటి, వరి చేలు తొక్కించుకున్న రైతులున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, కరెంటు తీగలకు చచ్చిన ఏనుగులూ ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలనే శిక్షణ పొందిన ఏనుగులను తెప్పించారు, పొలాల మీద పడే మందలను అడవిలోకి మళ్లించడానికి. అతిథి ఎవరో, ఇంటివాడు ఎవరో తేల్చడం అక్కడ తత్వవేత్తల పని కాదు. రాత్రి టార్చిలైటుతో చేను కాసే రైతుదీ, బీటు చూసే గార్డుదీ.

కాబట్టి అడవి నీటి పక్కన ఒక రాత్రి గడపాలనుకునేవాళ్లను ఆధ్యాత్మికత పేరుతో ఆకాశానికెత్తడం గానీ, పిక్నిక్ మూక అని తిట్టడం గానీ అనవసరం. తలకోనలో సిద్ధేశ్వరుడి గుడి, జలపాతం, అడవిశాఖ గదులు ఒకే చోట ఉన్నాయి. భక్తుడూ పర్యాటకుడూ ఒకే కాలిబాటన నడుస్తారు. ఎవరు దేనికోసం వచ్చారో అడవికి పట్టదు. ఎండలు ముదిరాక ఒక్క బీడీ ముక్క ఎన్ని ఎకరాలు కాల్చిందన్నదే దానికి తెలుస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది, అనుమతి లేకుండా లోపలికి పోరాదంది. చట్టం చెప్పింది కనీస మర్యాద. మిగతాది వెళ్లేవాడి సంస్కారం.

ఈ చలికాలం హార్సిలీకో తలకోనకో బయలుదేరేవాళ్లకు ఒక్క విన్నపం. పొద్దు వాలాక నీటి గట్టుకు దప్పికతో వచ్చేవి వేరే ఉంటాయి. అనుమతించిన చోటే, గట్టుకు దూరంగా దిగండి. సంగటి, నాటుకోడి పులుసు ఇంటి నుంచే వండి తెచ్చుకోండి, నెగడు వద్దు. ఇక్కడ కాదు, ఇంకోచోటికి మారండి అని గార్డు వచ్చి చెబితే గొడవపడకండి. ఆ మాట ధర్మరాజుకు జింకలు కలలోకి వచ్చి చెప్పాల్సి వచ్చింది, మీకు ఖాకీ చొక్కా వేసుకుని వచ్చి చెబుతున్నారు.