చెప్పకుండ పని విడుచుట పాపమా?



మన సంఘములోని ఒక చెల్లెలు పట్టణములో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉండెను. ఒక శనివారము సాయంత్రము ఆమె తండ్రితోకూడ మా యింటికి వచ్చి, "అయ్యగారూ, వేరే ఊళ్లో ఎక్కువ జీతానికి పని దొరికింది. సోమవారమే రమ్మంటున్నారు. ఇక్కడ నెల ముందు నోటీసు ఇస్తానని సంతకం పెట్టాను. చెప్పకుండా పోతే కేసు పెడతారా?" అని అడిగెను. తండ్రి, "కేసు సంగతి తరువాత, అయ్యగారూ. ఇది పాపమా కాదా, అది చెప్పండి" అనెను. మన పిల్లలనేకులు నేడు పట్టణములలో కొలువులు చేయుచున్నారు గనుక ఈ రెండు ప్రశ్నలను ఆలోచింతము.

మొదట చట్టము. 1859లో తెల్లదొరలు చేసిన చట్టము ప్రకారము, బయానా పుచ్చుకొని పని విడిచిన కూలివాడు సొమ్ము తిరిగి కట్టక, పనికిని రాకపోయినచో మూడు నెలలవరకు చెరలో వేయవచ్చును. 1925లో చేసిన మరియొక చట్టముచేత అది రద్దాయెను. నేడు నోటీసు ఇయ్యక పని విడుచుట సాధారణముగా నేరము కాదు. ఒప్పందమును మీరుట మాత్రమే. యజమాని నష్టపరిహారము అడుగవచ్చును. 1872 కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వ్రాసిన మొత్తమునకు మించకుండ, న్యాయమైనంత మట్టుకే కోర్టు ఇప్పించును. మూడేండ్లు పనిచేసెదనని ఒప్పుకొని ముందుగా విడిచిన ఒక బ్యాంకు అధికారి కట్టిన 2 లక్షల రూపాయలు న్యాయమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను ఏ కోర్టును మనిషిని బలవంతముగా తిరిగి పనిలో పెట్టదు. మన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించినది.

అయితే ఒక మాట గమనింపుడి. పసితనముచేతనో, జబ్బుచేతనో, మతి తప్పుటచేతనో తమ్మును తాము చూచుకొనలేని నిస్సహాయులను కనిపెట్టెదనని ఒప్పుకొని, బుద్ధిపూర్వకముగా మానినవారికి 2023 భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షను 3 నెలలవరకు ఖైదు, లేక 5,000 రూపాయలవరకు జుర్మానా, లేక రెండును విధించుచున్నది. భయపెట్టుటకు దీనిని చెప్పుట లేదు. డబ్బు నష్టమొకటి, దిక్కులేనివానిని విడుచుట వేరొకటి అని లోకచట్టమునకే తెలిసియుండగా, మనకు తెలియవలదా?

ఆ చెల్లెలిని నేను ఒక్కటే అడిగితిని: "అమ్మా, సోమవారము రాత్రి నీ వార్డులో ఎవరుందురు?" ఆమె కొంతసేపు ఊరకుండి, "పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. రాత్రి రెండుసార్లు నేనే పక్క తిప్పుతాను" అనెను. తోడేలు వచ్చినప్పుడు జీతగాడు గొఱ్ఱెలను విడిచి పారిపోవునని మన ప్రభువు చెప్పిన సంగతి (యోహాను 10:12, 13) అప్పుడు మాకు ముగ్గురికిని జ్ఞాపకము వచ్చెను.

పని మారుట పాపము కాదు. యాకోబు లాబానునొద్ద ఇరువది యేండ్లు కొలిచెను. లాబాను అతని జీతము పదిమార్లు మార్చెను. అట్టి యింటిని విడుచుట న్యాయమే. అయినను అతడు చెప్పక వెళ్లినందున గిలాదు కొండమీద దొంగవలె ప్రశ్నింపబడెను (ఆదికాండము 31). ఇరువది యేండ్ల నమ్మకమైన సేవకు చెప్పక చేసిన ఆ ప్రయాణము మచ్చ తెచ్చెను. తనకు నష్టము కలిగినను మాట తప్పనివాడే దేవుని గుడారములో నివసించునని 15వ కీర్తన బోధించుచున్నది.

యజమానులైన సహోదరులారా, మీకును ఒక మాట. నోటీసు ఇమ్మని అడిగెడివారు జీతమును వేళకు ఇయ్యవలెను. కూలి బిగబట్టినవారిమీద ఆ కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక (5:4) హెచ్చరించుచున్నది. పాలేరును చెప్పకుండ మాన్పించి, వాడు చెప్పకుండ పోయెనని నిందించుట తగదు. వేధింపునకో అపాయమునకో తాళలేక ఒకడు పారిపోయినచో, ముందుగా మీ చేతులను చూచుకొనుడి.

ఆ చెల్లెలు సోమవారము ఆసుపత్రివారికి నిజము చెప్పెను. క్రొత్తవారు 15 దినములు ఆగిరి. మిగిలిన 15 దినముల జీతము ఆమె వదలుకొనవలసి వచ్చెను. అది ఆ యింటికి చిన్న నష్టము కాదు. అయినను వెళ్లునాడు ఆ ముసలమ్మతో చెప్పి వెళ్లెను. మన పిల్లలు ఏ పని విడిచినను అట్లు చెప్పి విడుచునట్లు ప్రభువు కృప దయచేయునుగాక. ఆమేన్.