వేలములో కొనిన నగ
(ద్వితీయోపదేశకాండము 24:10–13 చదువుడి)

మన పత్తికొండ ప్రాంతమున విత్తనములకును ఎరువులకును పలువురు ఇంటి బంగారమును కుదువపెట్టుదురు. వాన తప్పిన యేట ఆ నగ విడిపింపబడక వేలమునకు వచ్చును. దానిని విశ్వాసి కొనవచ్చునా?

కొనుట దొంగతనము కాదు. నగ పెట్టినవానికి నోటీసు పంపి, పత్రికలో ప్రకటించి చేయు వేలము న్యాయమైనదే. అయితే ఒకటి మరువరాదు. నగ వెలకంటె తక్కువగానే అప్పిత్తురు. వేలములో అసలు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము నగ పెట్టినవానికే తిరిగి ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమము. కనుక పాటదారులు ముందుగా కూడబలుకుకొని ధర పెరుగనీయనియెడల, మొదట నష్టపోవువాడు ఆ రైతే. చవుకగా దొరికెనని మనము సంతోషించు రూపాయి అతని యింటిది.

మోషే ధర్మశాస్త్రము అప్పిచ్చినవానిని కుదువకొరకు ఇంటిలో చొరబడక బయటనే నిలువుమనెను. బీదవాని దుప్పటిని ప్రొద్దు గ్రుంకువేళకు తిరిగి యిమ్మనెను. కుదువ వస్తువు వెనుక మనుష్యుడున్నాడని దాని భావము.

కాబట్టి పాట పాడువారు సరియైన వెలయే పాడవలెను. ఆ నగ ఎరిగిన పొరుగువానిదైతే, వేలమునకు ముందే అతనిని కలిసికొని, విడిపించుకొనుటకు చేయూత నియ్యగలమేమో చూడుడి. మన పెట్టెలో మరియొక గొలుసు చేరుటకంటె, ఒక తల్లి మెడకు ఆమె తాళి తిరిగి చేరుట మేలు.