బంగారం ఎవరిది?

దీపావళి నాడు లక్ష్మీపూజకి మన ఇళ్లల్లో అమ్మవారి ముందు బంగారం పెడతాం. మా ఇంట్లో అయితే అమ్మమ్మగారి కాసులపేరు పెడతాం. అందులోని బంగారం ఏ నేలలోంచి వచ్చింది, ఆ నేల మీద అప్పుడెవరున్నారు అని మేమెప్పుడూ అడగలేదు. మొన్న వేసవిలో పిల్లలతో కెనడా ఉత్తరాన యూకాన్ వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు.

వైట్‌హార్స్ నుంచి డాసన్ సుమారు 530 కిలోమీటర్లు. దారి పొడుగునా అడవి, నదులు, ఎక్కడో ఒక పెట్రోలు బంకు. మంచుయుగాల్లో కెనడాలో అత్యధిక భాగం హిమనదాల కింద ఉన్నా, డాసన్ చుట్టుపక్కల నేల మీదకి అవి రాలేదు. వచ్చి ఉంటే వాగుల అడుగును గీకి ఊడ్చుకుపోయేవి. రాలేదు కనుక, కొండల్లోని పలుగురాతి చారల్లోంచి లక్షల ఏళ్లుగా అరిగి రాలిన బంగారం వాగుల్లోనే ఉండిపోయింది. నీటికంటే 19 రెట్లు బరువు కదా, కంకర కిందికి దిగి కూర్చుంది. 2022 జూన్‌లో అక్కడి ఒక వాగు దగ్గర బంగారం తవ్వుతుంటే గడ్డకట్టిన నేలలోంచి పిల్ల మామత్ ఒకటి చర్మంతో సహా బయటపడింది. మా అబ్బాయికి బంగారంకంటే అదే నచ్చింది!

1896 ఆగస్టు 16న రాబిట్ క్రీక్ అనే వాగులో బంగారం కనిపించింది. అక్కడున్నవాళ్లు కీష్ (తెల్లవాళ్లు స్కూకమ్ జిమ్ అన్నారు), అతని అక్కగారి కొడుకు డాసన్ చార్లీ, బావ జార్జ్ కార్మాక్. మొదట చూసిందెవరో ఇప్పటికీ వాదాలున్నాయి. కనుగొన్నవాడిగా నమోదైంది మాత్రం కార్మాక్ పేరు. 1897 జులైలో బంగారంతో ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ చేరాయి. సుమారు లక్షమంది బయలుదేరారని అంచనా. డాసన్ చేరింది ముప్పై, నలభై వేలమంది. ఏడాదికి సరిపడా సరుకు, అంటే దాదాపు ఒక టన్ను, ఉంటేనే సరిహద్దు పోలీసులు లోపలికి రానిచ్చేవారు. దాన్ని ఛిల్కూట్ కనుమ మీదుగా మూటలు మూటలుగా వీపున మోశారు. తీరా చేరేసరికి మంచి వాగులన్నీ ముందొచ్చినవాళ్ల పేర రాసేసి ఉన్నాయి. డాక్టర్లుగా మాకు తట్టేది వేరే లెక్క: స్కర్వీ, టైఫాయిడ్. అక్కడ ఆసుపత్రి కట్టి, రోగులకి సేవచేస్తూ 1899 జనవరిలో కన్నుమూసిన ఫాదర్ విలియం జడ్జ్ అనే ఆయన్ని తలచుకోకుండా ముందుకి పోలేకపోయాం.

కంకర గుట్టల దగ్గర మా అమ్మాయి అడిగింది: "వీళ్లు చెడ్డవాళ్లా?" కాదన్నాం. గుమాస్తాలు, రైతులు, ఇంటిదగ్గర అప్పులున్నవాళ్లు. "మరి మనలాగే వచ్చారా?"

వెంటనే లేదనబోయాం. మనం పరీక్షలు రాశాం, వీసాతో వచ్చాం, ఎవరిదీ తీసుకోలేదు. కానీ వాళ్లూ రుసుము కట్టి, ఆఫీసులో రాయించుకునే తవ్వారు. చట్టం వాళ్ల వైపే ఉంది. ఆ నది ముఖద్వారం దగ్గర తరతరాలుగా సాల్మన్ చేపలు పట్టుకుని బతికిన త్రోండెక్ హ్వెచిన్ ప్రజల్ని ఆ చట్టం లెక్కలోకి తీసుకోలేదు, అంతే. క్లోండైక్ అన్న మాట కూడా వాళ్ల పేరులోంచి చెడి వచ్చిందే. చేపల కోసం నదిలో గుంజలు పాతే సుత్తికీ దానికీ సంబంధం ఉంది. కాబట్టి చట్టబద్ధంగా వచ్చామన్నది మాకిప్పుడు పూర్తి జవాబుగా అనిపించడం లేదు. అలాగని నేరం చేశామని గుండెలు బాదుకోవడం కూడా మాకు నచ్చదు. అందులో ఎంతో కొంత వేషం ఉంటుంది. మన పెద్దలు వాడిన మాట ఒకటుంది, ఋణం. తప్పు చేయకపోయినా ఋణం ఉంటుంది. పొద్దున్నే మంచం దిగేముందు, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని అడగమని మా నాయనమ్మ నేర్పింది. ఇక్కడికొచ్చాక కూడా అలాగే అడుగుతున్నాం. ఆ నేలకి మనుషులు కూడా ఉన్నారని మాత్రం ఇన్నేళ్లూ తోచలేదు.

ఆ రద్దీలో ఛీఫ్ ఐజాక్ తన వాళ్లని డాసన్‌కి ఐదు కిలోమీటర్ల దిగువన ఉన్న మూస్‌హైడ్‌కి తరలించాడు. కొత్త జనం మధ్య తమ పాటలు, నాట్యాలు నిలవవని భయపడి, అలాస్కాలోని బంధువులకి అప్పగించాడు, దాచిపెట్టమని. ఇది విన్నప్పుడు మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మన గుడిలో ఆదివారం పిల్లలకి అన్నమయ్య కీర్తనలు నేర్పేది ఆవిడే. మేమూ పాటల్ని పరాయి దేశంలో దాచుకుంటున్నవాళ్లమే అనుకునేవాళ్లం. కానీ మన పాటలు మన ఊళ్లో కూడా పాడుతున్నారు. వాళ్ల పాటలకి సొంత ఊళ్లోనే చోటు లేకపోయింది.

అవి మళ్లీ ఇంటికి రావడానికి 1990ల దాకా పట్టింది. ఇప్పుడు రెండేళ్లకోసారి మూస్‌హైడ్‌లో అందరూ కలుస్తారు, పిల్లలు ఆ పాటలు పాడతారు. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు. డాసన్ ఒడ్డున నిలబడి, నది వంపు తిరిగి అటు వెళ్లే దిక్కుకేసి చూసి వచ్చేశాం.