గురువులను జ్ఞాపకము చేసికొనుట



మనకు బోధించినవారిని మరువవద్దనియు, వారి నడవడి చివరకు ఏమి ఫలించెనో చూచి వారి మార్గమున నడువవలెననియు హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో ఒక హెచ్చరిక యున్నది. అది దేవుని వాక్యము బోధించినవారిని గూర్చినదే. అయినను, ఏ విద్య నేర్పిన గురువునైనను ఎట్లు జ్ఞాపకముంచుకొనవలెనను ప్రశ్నకు అందు వెలుగు దొరకును. పటమునకు పూలదండ వేసిన చాలునా? గురువు చెప్పినదంతయు మార్పులేక వల్లించిన చాలునా?

ఇందుకు ఒక దంతవైద్య గురువు చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము. పల్లెవారమైన మనకు ఆయనతో ఏమి పని అందురేమో, కడవరకు చదువుడి.

గ్రీన్ వర్డిమన్ బ్లాక్ 1836లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున పల్లెపట్టున జన్మించెను. బడిచదువు కొద్దియే, వైద్యవిద్యను చాలవరకు స్వయముగా నేర్చుకొనెను. అట్టివాడు 1897లో చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ దంతవైద్య పాఠశాలకు డీనై, 1915లో మరణించువరకు ఆ పనిలో నుండెను. పుచ్చిన పండ్లను వర్గములుగా విభజించి, దేనిని ఎట్లు తొలిచి నింపవలెనో క్రమము ఏర్పరచెను. ఆ వర్గములను నేటికిని విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. తరువాత ఆయన కుమారుడు ఆర్థర్ బ్లాక్ కూడ ఆ పాఠశాలకు డీనుగా పనిచేసెను.

1909లో కొలరాడో రాష్ట్రమునుండి ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు ఒక చిక్కుప్రశ్నతో ఆయనను ఆశ్రయించెను. అచ్చటి పిల్లల పండ్లపై గోధుమరంగు మరకలుండెను. పందిమాంసము వలననియు, మంచివి కాని పాల వలననియు జనులు తలకొక కారణము చెప్పుచుండిరి. అప్పటికే పేరుగాంచిన వృద్ధుడైన బ్లాక్ ఆ ప్రశ్నను తోసివేయక తానును పరిశోధనలో చేరెను. పండ్లు ఏర్పడు బాల్యములోనే ఆ లోపము కలుగుచున్నదని తెలిసికొనెను గాని, దాని మూలకారణము తెలియకమునుపే కన్నుమూసెను. మెకే విడువలేదు. త్రాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడే కారణమని 1931లో తేలెను.

ఇప్పుడు మన గడపకు రండి. 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, ఆ ఫ్లోరైడే ఎముకలనుకూడ పాడుచేయుచున్నదని వైద్యులు ప్రకటించిరి. నల్గొండ పల్లెల బాధ మనమందరమెరిగినదే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఒకప్పుడు ఆదివారపు బడిలో ఒక పిల్లవాని పండ్లు చూచి, వేపపుల్లతో తోముకొనవా అని అందరియెదుట గద్దించితిమి. నాటినుండి వాడు చేయి అడ్డము పెట్టుకొని నవ్వెడివాడు. అది వాని బద్ధకము కాదనియు, బావినీటి దోషమనియు తరువాత ఒక వైద్యుని వలన వింటిమి. తోమినను ఆ మరక పోదు. కాచినను నీటిలోని ఫ్లోరైడు పోదు. బ్లాక్ వంటి పండితుడు తనకు తెలియని దానిని ఓపికతో వెదకెను. మేమైతే ఏమియు తెలియకయే తీర్పు తీర్చితిమి.

మరియొక సంగతి. పుచ్చు మరల రాకుండునట్లు, చుట్టునున్న మంచి పంటినికూడ కొంత తొలగించుమని బ్లాక్ నేర్పెను. నేటి వైద్యులు మంచి పంటిని వీలైనంత కాపాడుదురు. ఇది గురుద్రోహమా? కాదని మా తలంపు. పంటిని కాపాడుటయే ఆయన కోరిక. ఆ కోరికను నిలుపుటకే శిష్యులు ఆయన పద్ధతిని దిద్దుకొనిరి. గురువు మాటను కాక గురువు ఉద్దేశమును పట్టుకొనినవాడే నిజమైన శిష్యుడు.

చికాగోలో ఆయన విగ్రహమున్నది. కాని ఆయన నడిపిన పాఠశాల 2001లో మూతపడెను. కట్టడములు మూతపడును. గురువు విడిచిన ప్రశ్నను మరియొకడు ఎత్తుకొనినచో అది మూతపడదు.

మీకు అక్షరములు దిద్దించిన పంతులుగారు గతించియుండవచ్చును. సంవత్సరమునకొకమారు వారి పేరు తలంచుట మంచిదే. అంతకంటె మంచిది, వారు ముగింపలేని పని ఏదో కనుగొని, అందులో ఒక చెయ్యి వేయుట. మేమైతే, మా ఊరి బావినీటిని పరీక్ష చేయించుటతో మొదలుపెట్టితిమి.