సడలుటయేనా వైరాగ్యము?

కట్లన్నియు సడలించుకొనుటయే వైరాగ్యమని తలచి, ఇల్లును వాకిలిని పట్టించుకొనక, దానినే నిస్సంగత్వమని చెప్పుకొనువారు లోకమున తరచుగ కానవచ్చుచుందురు. సడలుటకును విముక్తికిని గల భేదమెట్టిదో నాకు స్పష్టముగ చూపినది, రాళ్లదారులలో కొండలెక్కి దిగు సైకిలు యొక్క వెనుకచక్రము.

చక్రదృష్టాంతము ఉపనిషత్తులకు క్రొత్తది కాదు. బృహదారణ్యకము సర్వభూతములును ఆత్మయందు కుదిరియుండు తీరును, ప్రశ్నోపనిషత్తు సమస్తమును ప్రాణమునందు నిలిచియుండు తీరును రథచక్రపు ఆకులతో పోల్చినవి. ఆ ఆకులు కొయ్యవి. మన యెడ్లబండి చక్రమునందువలె, ఇరుసునకు క్రిందుగ వచ్చిన ఆకు స్తంభమై బరువును మోయును. సైకిలు స్పోకగు సన్నని యినుపతీగ యట్లు మోయజాలదు. ఒత్తినచో వంగును, లాగినచో నిలుచును. కావున సైకిలు చక్రమున సాధారణముగ 32 స్పోకులు రిమ్మును అన్ని దెసలనుండియు నడిమికి లాగుచుండగా, ఆ లాగుడుల పొందిక చేతనే చక్రము గుండ్రముగ నిలుచును. చక్కగ కట్టిన వెనుకచక్రమున, పండ్లచక్రములున్న కుడిప్రక్కను, ఒక్కొక్క స్పోకునందు ఇంచుమించు 100 కిలోల బరువును వ్రేలాడదీసినంత బిగువుండును. నేలను తాకు చోటికి వచ్చినపుడెల్ల స్పోకు బిగువు కొంత తగ్గును. ముందే చాలినంత బిగిసియున్నది ఆ తగ్గుదలను ఓర్చుకొనును. లేనిది రాయి తగిలినప్పుడెల్ల పూర్తిగ సడలి మరల బిగియుచు, ఆ కుదుపులలో తనను రిమ్మునకు బిగించు మరయగు నిప్పిలును తానే విప్పుకొనును.

సడలిన స్పోకు విశ్రాంతి ననుభవించుచున్నట్లే తోచును. కాని అది లాగవలసిన పాలు ఇరుగుపొరుగు స్పోకులపై బడి, రిమ్ము ప్రక్కకొరిగి, చక్రము బెండుపోవును. సడలిన స్పోకైనను సుఖపడక, సడలి బిగిసి అలసి, తుదకు హబ్బు కడ వంపులో పుటుక్కున విరుగును. బాధ్యత వదలినవాని బరువు ఇంటిలోని మరొకరి వీపుపై నుండుట మన మెరుగనిదా?

బెండు తీయువాని నేర్పు మరింత విచారింపదగినది. అతడు స్పోకులను వ్రేలితో మీటి నాదమును వినును. రిమ్ము ఎడమకొరిగినచో అచ్చటి కుడిప్రక్క స్పోకును కీతో పావుచుట్టు బిగించి, అవసరమైనచో పొరుగున నున్న ఎడమప్రక్క స్పోకును అంతియే వదలును. సడలినదానిని ఒక్కపెట్టున బిగించినచో వంకర మరియొక చోటికి పోవును. అన్నింటిని మితిమీరి బిగించినచో రిమ్మే పగులును. వీణతంత్రులు అతిగ బిగిసినను అతిగ సడలినను పలుకవని బుద్ధుడు తన శిష్యుడైన సోణునకు బోధించిన మర్మమిదియే. మరొక విశేషము: వెనుకచక్రమున కుడి స్పోకుల బిగువు ఎడమవానికంటె సహజముగనే హెచ్చు, ఒక్కొక్క ప్రక్కను తమలో తాము సమముగ నున్న చాలును. కావున గీత యోగమని పేర్కొన్న సమత్వము, ఎల్లరకును ఒకే కొలత వేయుట యని భావింపరాదు. ఎవరి స్థానమునకు తగిన బిగువు వారు పట్టుటయే యగును.

ఎల్ల స్పోకులును తెంపిన చక్రము దొరలదు. వైరాగ్యమును కోరువాడు, తాను వదలదలచిన బరువు ఎవరిపై పడనున్నదో మొదట విచారించుకొని, పిమ్మట వదలవలయును.